డీకన్ సరస్సు మీద ఆదివారం

ఎక్కడ అడుగు వేయబోయినా రోడా లిండ్‌క్విస్ట్ ముందు మడమతో నేలను రెండుసార్లు కొడుతుంది. కొట్టి ఆగుతుంది. వింటుంది. ఆ తర్వాతే ఆ కాలి మీద బరువు వేస్తుంది.

కిరాణా కొట్టు గుమ్మంలో అంతే. పోస్టాఫీసు మెట్ల మీద అంతే. ఆదివారం పొద్దున చర్చిలో పక్క గదిలోంచి వేదిక మీదికి వచ్చేటప్పుడూ అంతే. టక్, టక్. మొదటి వరస పిల్లలు బల్లల కింద బూట్లతో బదులిస్తారు. తల్లులు వాళ్ళను గిల్లుతారు. గిల్లుతూనే పెదాలు బిగపట్టుకుంటారు.

"ధైర్యంగా రండి పాస్టరమ్మా," అన్నాడు ఎల్డన్ పెన్‌హేల్, ఆమె ఊరికి వచ్చిన మొదటి నెలలోనే. సంఘ పెద్ద అతను. రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. "ఆ చెక్కల కింద నీళ్ళు లేవు. ఎలకలున్నాయి. అవీ మెథడిస్టులే. బాప్తిస్మానికి చిలకరిస్తే చాలు, ముంచక్కర్లేదు."

అందరూ నవ్వారు. రోడా కూడా నవ్వింది. మడమ మాత్రం మానలేదు.

అది ఐసు నేర్పిన అలవాటు. పాస్టరు కాకముందు ఆమె ఇరవై ఏడేళ్ళు డులూత్‌లో ఒక ప్రయోగశాల తరఫున ఉత్తరాది సరస్సుల మీద తిరిగింది. ఐసు ఎప్పుడు కట్టింది, ఎంత మందం కట్టింది, ఎప్పుడు విడిచింది, లోపల గాలి బుడగలు ఎటు తిరిగి ఉన్నాయి, ఇదే పని. మంచి ఐసు మడమ దెబ్బకు పొట్టిగా, గట్టిగా పలుకుతుంది. చెడ్డ ఐసు కాస్త ఆలస్యంగా, మెత్తగా పలుకుతుంది. ఏటేటా ఐసు ఉండే కాలం తగ్గుతోందని ఆమె రాసింది. రాసినవి అచ్చయ్యాయి. అచ్చయినవి అరల్లోకి వెళ్ళాయి.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం వేరే పని చేసేది. చర్చికి రాలేని ముసలివాళ్ళ ఇళ్ళకు ప్రభువు బల్ల రొట్టె తీసుకెళ్ళేది. ఎక్కువ మాట్లాడేది కాదు. పక్కన కూర్చునేది. లేచేటప్పుడు వాళ్ళు చెయ్యి వదలకుండా, మళ్ళీ ఎప్పుడొస్తావు, అని అడిగేవాళ్ళు. ఆమె నివేదికలను ఎవరూ ఎన్నడూ ఆ మాట అడగలేదు. ఆకాశంలోంచి పిలుపు అంటూ ఆమెకు ఏదీ వినపడలేదు. ఆ ప్రశ్నే చాలా ఏళ్ళపాటు వినపడింది. చివరికి ప్రయోగశాల తాళాలు అప్పగించి, వేసవి పాఠాలు చదివి, యాభై ఎనిమిదో ఏట పాస్టరు లైసెన్సు పుచ్చుకుంది.

మెథడిస్టు పాస్టరు తన సంఘాన్ని తను ఎంచుకోవడం ఉండదు. బిషప్పు పంపిన చోటికి పోవాలి, లెమ్మన్నప్పుడు లేవాలి. బిషప్పు ఆమెను పెన్‌గారోకు పంపాడు. జులైలో ఆమె పెట్టె దించేసరికి వంటింటి బల్ల మీద కుంకుమపువ్వు బన్నులు, పైన గుడ్డ కప్పి, ఉన్నాయి. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు.

పెన్‌గారోలో రాగి గనులు ఎప్పుడో మూతపడ్డాయి. గనివాళ్ళ మనవలు మూతపడలేదు. వాళ్ళకు ఏడాదిలో రెండు పెద్ద ఆదివారాలు. ఒకటి ఈస్టరు. రెండోది మార్చి మొదటి ఆదివారం, డీకన్ సరస్సు మీద ఆరాధన.

రోడ్డంతా మంచుతో మూసుకుపోయిన ఒక మార్చి సాయంత్రం, గని షిఫ్టు దిగిన ముగ్గురు సరస్సు మీద అడ్డంగా నడిచి ఇంటికి బయల్దేరారు. చేరలేదు. వసంతం దాకా నీళ్ళు వాళ్ళను తిరిగి ఇవ్వలేదు. శవాలు లేకుండా ఎక్కడ నిలబడి ప్రార్థన చదవాలో తెలియక, అప్పటి పాస్టరు సంఘాన్నంతా ఐసు మీదికి తీసుకెళ్ళి, వాళ్ళు మునిగిన చోటే చదివాడు. అది జరిగి అరవై ఏళ్ళ పైమాటే. ఒక్క ఏడూ తప్పలేదు.

ఆ ముగ్గురిలో ఒకడు విల్. పెళ్ళయి అయిదు నెలలు. అతని భార్య టామ్‌సిన్ తర్వాత మళ్ళీ పెళ్ళాడింది, పిల్లల్ని కంది, ఆ భర్తనూ సాగనంపింది. ఇప్పుడు ఊరందరికీ టామ్‌సిన్ పిన్ని. ఏటా మార్చి రాగానే ఆమె మాంసం, దుంపలు కూరి అంచులు మడిచి ఒక పెద్ద పాస్టీ కాలుస్తుంది. గనివాళ్ళ ఇళ్ళలో చేసినట్టే, దాని మూల మీద పిండితో పేరు మొదటి అక్షరం అతికిస్తుంది. అక్షరం విల్‌ది. ఆరాధన అయ్యాక అందరూ తలో ముక్క తింటారు. అక్షరం ఉన్న మూలను ఆమె ఐసు మీద వదిలి వస్తుంది. గనిలో మనిషి తింటూ తింటూ పనికి లేస్తే, ఆ మూల అతనిదని గుర్తు. తర్వాత వచ్చి తింటాడని.

ఆ చోటే మగవాళ్ళు జనవరి నుంచి మంచు చర్చి కట్టేవాళ్ళు. మొదలుపెట్టింది ఎల్డన్ తండ్రి. ఛాతీ ఎత్తున గుండ్రటి మంచు గోడ. గోడ లోపలి అంచు వెంట మంచుతోనే అరుగు, దాని మీద గొర్రె తోళ్ళు. నడుమ మంచు అంతా తోసేసి, అద్దంలాంటి నేల. గాలి తగలదు. ముసలివాళ్ళు హాయిగా కూర్చోవచ్చు. పక్క ఊళ్ళ వాళ్ళు ఫొటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్ళు.

ఆ ఏడు మంచు విపరీతంగా పడింది. చలి మాత్రం రాలేదు. జనవరిలో రెండుసార్లు వాన కురిసింది.

ఆ ఆదివారానికి ముందు గురువారం రోడా ఐసుకు కన్నం వేసే చేతి బర్మా భుజాన వేసుకుని మంచు చర్చికి వెళ్ళింది. ఎల్డన్ అక్కడే ఉన్నాడు. గోడ పైఅంచును పారతో నున్నగా చేస్తున్నాడు, కేకు మీద క్రీము రాసేవాడిలా.

"ఏంటి పాస్టరమ్మా, పునాది చూడ్డానికొచ్చారా?"

"అవును."

నడుమ నున్నటి నేల మీద బర్మా పెట్టి తిప్పింది. చాలాసేపు పట్టింది. ఐసు నల్లగా, పొడిగా లేచింది. మందం కొలిచే కొక్కెం కర్ర దించి చూసింది. జానన్నర.

"అద్గదీ," అన్నాడు ఎల్డన్, తనే దగ్గరుండి కట్టించినట్టు. "దీని మీద ట్రక్కు తోలొచ్చు."

రోడా గోడ వెలుపలికి నడిచి, మొదట్లో మంచు తవ్వి, అక్కడ బర్మా పెట్టింది. నాలుగు తిప్పులకే బర్మా చేతిలోంచి జారినట్టు దిగిపోయింది. నీళ్ళు బుడబుడమని పైకొచ్చి ఆమె బూట్ల చుట్టూ మంచును బూడిద రంగు చేశాయి. కొక్కెం దించింది. బెత్తెడు.

ఎల్డన్ పార ఆపాడు. "బర్మా పక్కకి పోయుంటుంది. ఇంకోచోట వెయ్యండి."

లోపల అరుగు అంచున వేసింది. బెత్తెడు.

"అదెలా అవుతుంది? ఇక్కడంతా మంచే కదా. మంచు చల్లగానే ఉంటుంది కదా!"

"మీరు రాత్రి దుప్పటి కప్పుకుంటారా?"

"కప్పుకోక?"

"దుప్పటిలో పొయ్యి ఉందా?"

ఎల్డన్ పార మీద చేతులు మార్చుకున్నాడు.

"మనం జనవరి నుంచి సరస్సుకి దుప్పటి కప్పాం ఎల్డన్. పైన ఉన్న చలిని కిందికి దిగనివ్వలేదు. నడుమ దుప్పటి తీసేశాం, అక్కడ గట్టిపడింది. మనుషులు కూర్చునే చోట మాత్రం దట్టంగా కప్పాం. దాని మీద ఈ గోడ బరువు."

"మా నాన్న కట్టాడండీ ఈ గోడ. ఏటా కట్టాడు. ఒక్కరు మునగలేదు."

"ఆయన రోజుల్లో ఐసు మూరెడు కట్టేది. సగం పోయినా సగం మిగిలేది. ఈ ఏడు మిగల్లేదు."

ఎల్డన్ కన్నంలో నీళ్ళకేసి చూశాడు. "అంటే, ముసలాళ్ళకి గాలి తగలకూడదని నేను..." ఆ మాట పూర్తి చేయలేదు. గోడ మీద ఎక్కడో మిగిలిన చిన్న ఎత్తును పారతో చదును చేశాడు. "మీ లెక్కలు మీవి," అన్నాడు. పార భుజాన వేసుకుని ఒడ్డుకేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చర్చి నేలమాళిగ వంటింట్లో ఆడవాళ్ళు పాస్టీలు చుడుతున్నారు. ఉల్లిపాయల వాసన మెట్ల దాకా వస్తోంది. వంటింటికి పెద్ద ఎల్డన్ చెల్లెలు లవ్‌డే. బల్ల చివర టామ్‌సిన్ పిన్ని పిండి అంచులు మడుస్తోంది. ఎల్డన్ గోడకి చేరబడి కాఫీ పట్టుకుని నిలబడ్డాడు. తాగడం లేదు.

రోడా చేతితొడుగులైనా తీయలేదు. "ఆదివారం ఐసు మీద ఆరాధన లేదు," అంది. "ఒడ్డున పెడదాం, పాత రేవు దగ్గర."

లవ్‌డే కత్తి ఆగింది. "ఒడ్డునా? ఒడ్డున ఎవరు పోయారని?"

"నలభై మంది కూర్చునే చోట రెండు కన్నాలు పొడిచి, మూసేస్తానంటున్నారు," అన్నాడు ఎల్డన్.

"నేను రెండు కన్నాలు పొడిచాను. మీరు చూశారు."

"బిషప్పుని పాస్టర్ని పంపమని అడిగాం," అంది లవ్‌డే దుంపలతో మాట్లాడుతున్నట్టు. "కొలతలేసే మనిషిని పంపాడు."

"ఇద్దర్నీ పంపాడు," అంది రోడా. "జీతమే ఒక్కరికి ఇస్తున్నారు."

ఎవరో నవ్వబోయి దగ్గులోకి దించారు.

"చూడండి పాస్టరమ్మా," అన్నాడు ఎల్డన్. "మీరు రాకపోతే మేమే పోతాం. కీర్తనలు మాకు నోటికొచ్చు. ఎలాగూ జూన్‌లో బిషప్పు కుర్చీలాట మొదలెడతాడు. మాకు ఇంకొకర్ని పంపండని ఒక్క మాట చాలు." బెదిరింపులా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది.

"జూన్ సంగతి జూన్‌లో. ఆ గోడ దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. నేను చెప్పాల్సింది చెప్పాను."

తలుపు వైపు తిరిగింది.

"చెప్పావు," అంది టామ్‌సిన్ పిన్ని.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె వేళ్ళు ఆగలేదు. పిండి అంచును తాడు పేనినట్టు పేనుతూనే ఉన్నాయి.

"ఆ సాయంత్రం కూడా చెప్పినాయన ఒకడున్నాడు అమ్మాయ్. గని గేటు దగ్గర హాజరు వేసేవాడు. పొద్దున తను సరస్సు మీదుగానే నడిచొచ్చాడట. మధ్యలో బాలేదర్రా, రోడ్డు తెరిచేదాకా ఆగండి అన్నాడట. వీళ్ళు నవ్వారు. ఆయన చెప్పాల్సింది చెప్పాడు."

"తర్వాత?" అంది రోడా.

"తర్వాతేముంది. ఇంటికెళ్ళి భోంచేశాడు." చేతిలో పాస్టీని రేకు మీద పెట్టి ఇంకోటి అందుకుంది. "మంచివాడేలే. మా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. నేను చెప్పాను టామ్‌సిన్, చెప్పాను, అని. నేను కాదన్లేదు. చెప్పాడు మరి."

టామ్‌సిన్ పిన్ని కొత్త పిండి రొట్టెలో కూర సర్దింది.

"ఈస్టరు కాగానే మా అమ్మాయి నన్ను గ్రీన్‌బే తీసుకుపోతుంది. లిఫ్టున్న ఇంటికి. నాకిదే ఆఖరు మార్చి. నువ్వు అబద్ధం చెప్పావని కాదు. నేను మాత్రం వెళ్తాను."

రోడా తలుపు పిడి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. ఇరవై ఏడేళ్ళు ఆమె చెప్పింది. లెక్క తప్పకుండా, మాట మార్చకుండా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కారు తలుపు వేసుకుని ఇంటికి వెళ్ళింది.

చేతితొడుగులు తీసింది. కోటు కొక్కేనికి తగిలించింది. చేతులు కడుక్కుని వచ్చి టామ్‌సిన్ పిన్ని పక్కన కూర్చుని ఒక పిండి రొట్టె అందుకుంది.

"ఆదివారం వెళ్దాం," అంది. "నేను ముందు నడుస్తాను. నేను చూసిన దారిలో, నేను చూపిన చోటికి. గోడ దగ్గరికి కాదు."

"ఇందాక లేదన్నారు," అన్నాడు ఎల్డన్.

"ఇందాక నేను ఇంటికెళ్తున్నాను."

టామ్‌సిన్ పిన్ని ఆమె చేతిలోకి తొంగి చూసింది. "అంచు అలా కాదమ్మాయ్. అలా చుడితే కూరంతా గనిలో పడిపోతుంది."

శుక్రవారం రోడా ఒక్కతే వెళ్ళింది. పాత రేవు దగ్గర మొదలుపెట్టి మడమతో కొడుతూ, గునపంతో పొడుస్తూ, అక్కడక్కడా బర్మా వేస్తూ నడిచింది. బాగున్న చోట స్ప్రూస్ చెట్టు కొమ్మను నిలువుగా పాతింది. బాగులేని చోట రెండు కొమ్మలు అడ్డంగా పడేసింది. మంచు చర్చికి తూర్పున, ఒక రాయి విసిరితే అందేంత దూరంలో, గాలి సరస్సును ఊడ్చి ఊడ్చి నల్లగా ఉంచిన పట్టీ ఒకటి ఉంది. మంచు నిలవని చోటు. అక్కడ బర్మా చేతులు నొప్పెట్టేదాకా దిగలేదు. ఒడ్డున ఎల్డన్ ట్రక్కు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అద్దం లోపల కాఫీ ఆవిరి. దిగలేదు, వెళ్ళలేదు.

శనివారం దిగాడు. సొంత గునపం తెచ్చుకున్నాడు.

"ఆ చప్పుడులో ఏం వినాలో చెప్పండి," అన్నాడు పలకరింపేమీ లేకుండా. "నా బండికి ముందు బ్లేడు ఉండేది. దాని పాట మారితే కింద తారుందో కంకరుందో నాకు తెలిసేది."

"అదే ఇది."

ఎల్డన్ మడమతో రెండుసార్లు కొట్టాడు. "ఇది?"

"మంచిది."

నాలుగడుగులు వేసి మళ్ళీ కొట్టాడు. "ఇది?"

"మీరే చెప్పండి."

ఇంకోసారి కొట్టాడు. నోరు తెరిచి విన్నాడు. మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఇది బాలేదు."

ఆమె అతని చేతికి రెండు కొమ్మలిచ్చింది. అతను అడ్డంగా పడేశాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ చెరో పక్క టక్ టక్ మంటూ నడిచారు. మంచు చర్చి గురించి ఎవరూ ఎత్తలేదు. ఒడ్డు చేరాక ఎల్డన్ గునపం దులుపుతూ, "నిచ్చెన కావాలా?" అన్నాడు. "గంట గోపురానిది ఉంది. పొడుగ్గా ఉంటుంది."

"తాడు కూడా," అంది రోడా.

ఆదివారం ఆకాశం సీసం రంగులో ఉంది. గాలి లేదు. రేవు దగ్గర నలభై మందికి కాస్త తక్కువే చేరారు. కొందరు మంచు మీద నడిచే మోటారు బండ్లు తెచ్చారు. రోడా వాటి తాళాలు అడిగి తీసుకుని కోటు జేబులో వేసుకుంది.

"ఒకరి వెనక ఒకరు," అంది. "ఇద్దరి మధ్య ఇద్దరు మనుషులు పడుకునేంత ఎడం. చేతులు పట్టుకోవద్దు. భార్యాభర్తలు కూడా."

"ఇంట్లో ఎలాగూ అంతే కదా," అన్నారెవరో. నవ్వు వరస చివరిదాకా పాకింది.

"కొమ్మలు దాటి అడుగు వేస్తే ఆరాధన అక్కడితో ఆపి అందర్నీ వెనక్కి తీసుకొస్తాను. రానివాళ్ళు ఇక్కడే ఉండండి. ఇక్కడా దేవుడున్నాడు."

ఎవరూ ఉండిపోలేదు.

ఆమె ఐసు అంచున ఆగింది. మడమతో రెండుసార్లు కొట్టింది. ఆ పొద్దున పిల్లలు బదులివ్వలేదు. వాళ్ళూ వింటున్నారు. నడిచింది. వెనక వరస కదిలింది. టామ్‌సిన్ పిన్ని జారుడు కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో గుడ్డ చుట్టిన పాస్టీ. ఎల్డన్ పొడుగాటి తాడుతో కుర్చీని దూరంనుంచి లాగాడు. లవ్‌డే నిచ్చెన ఈడ్చింది. అది ఐసు మీద గీస్తూ మూలిగింది.

నల్లటి పట్టీ మీద అందరూ ఎడంగా నిలబడ్డారు. గోడ లేదు, అరుగు లేదు. భుజానికి భుజం తగల్లేదు. రోడా మాట చివరివాళ్ళకు చేరలేదు. మధ్యవాళ్ళు వెనక్కి తిరిగి అందించారు. ముగ్గురి పేర్లూ అలాగే నోటినుంచి నోటికి వెళ్ళాయి. కీర్తన ఎత్తుకున్నప్పుడు ఇంకా వింతగా ఉంది. దగ్గరివాళ్ళు చరణం ముగించేసరికి దూరాన ఉన్నవాళ్ళ గొంతులు వెనకే వచ్చాయి, ఎవరో ఇంకా నడిచొస్తున్నట్టు. పెన్‌గారో వాళ్ళు తాళం తప్పడాన్ని సహించరు. ఆ రోజు ఎవరూ ఎవరినీ సరిదిద్దలేదు.

ప్రభువు బల్లకు ఏటా జనం వచ్చి గుమిగూడేవాళ్ళు. ఈసారి బల్లే వాళ్ళ దగ్గరికి నడిచింది. గడ్డకట్టకుండా కోటు లోపల దాచిన రొట్టెను తీసి, రోడా ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి, తుంచి, పేరు పెట్టి పిలిచి ఇచ్చింది. ద్రాక్షరసం సగం పలుకులు కట్టింది. రొట్టెతో గీరి తీసుకున్నారు. చాలాసేపు పట్టింది. చలికి కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డారు కానీ ఎవరూ కదల్లేదు. ఎల్డన్ దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్ళు వంగడం లేదు. అతను తన తొడుగు విప్పి రొట్టె పట్టుకోవడానికి సాయం పట్టాడు.

తర్వాత పాస్టీ పంచారు. చివరికి గుడ్డలో మూల మిగిలింది, పిండి అక్షరంతో. టామ్‌సిన్ పిన్ని దాన్ని రెండు చేతుల్లో పట్టుకుంది. ఎక్కడ పెట్టనని అడగలేదు. మంచు గోడ వైపు చూసింది. రాయి విసిరితే అందే దూరం. ముఖం మారలేదు. మూలను మెల్లగా తన కుర్చీ పక్కన ఐసు మీద పెట్టడానికి వంగింది.

"ఉండండి పిన్నీ," అంది రోడా. ఆ ఊళ్ళో ఆమె అలా పిలవడం అదే మొదలు.

తాడు నడుముకు కట్టుకుంది. రెండో కొస ఎల్డన్‌కిచ్చింది. నిచ్చెనను గోడ వైపు తోసింది. ఆ మూల అందుకుని కోటు లోపల రొట్టె ఉన్న చోట పెట్టుకుంది. గునపం తీసుకుని, నిచ్చెనను అడ్డంగా వేసిన కొమ్మల దాకా తోసుకెళ్ళి, దాని మీద బోర్లా పడుకుని మోచేతులతో పాకింది. కింద ఐసు ఒకసారి మూలిగింది. పొట్ట కింద ఆ చప్పుడు మొదలైన చోటు, ఆగిన చోటు ఆమెకు తెలిశాయి. ఆగింది. మళ్ళీ పాకింది.

"బిషప్పుగారికి ఫొటో పంపనా?" అని అరిచింది లవ్‌డే.

"పంపు. జూన్‌లో పనికొస్తుంది."

గోడ వెలుపల, గురువారం తను వేసిన కన్నం మీద పల్చటి పొర కట్టి ఉంది. గునపం కొసతో పొడిచింది. నీళ్ళు పైకుబికి నిచ్చెన మెట్ల మీద పారి మోచేతుల దాకా తడిపాయి. అక్షరం పైకి ఉండేట్టు మూలను కన్నంలో వదిలింది. అది ఒక్క క్షణం తేలి, ఒరిగి, ఐసు కిందికి వెళ్ళింది.

"వెళ్ళిందా?" అని అడిగింది టామ్‌సిన్ పిన్ని. పెద్దగా అనలేదు. అయినా వినపడింది.

"వెళ్ళింది."

"తింటాడులే," అంది ఆమె. గుడ్డను నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో ఉంచుకుంది. ఎల్డన్ తాడు లాగాడు. చేపను లాగినట్టు కాదు, ఏదో పగిలిపోయేదాన్ని లాగినట్టు.

వచ్చిన వరసలోనే వెనక్కి నడిచారు. నేలమాళిగలో కాఫీ దగ్గర ఒకాయన, గోడ కూలనేలేదే, లోపలే కూర్చుని ఉండొచ్చు, అన్నాడు.

"కూలలేదని బెంగగా ఉందా నీకు?" అంది లవ్‌డే. అతని కప్పు సగం నింపి పక్కకు జరిగింది.

రోడా తడి చేతులు పొయ్యి దగ్గర ఆరబెట్టుకుంటోంది. నిజంగానే కూలలేదు. ఎల్డన్ జూన్ మాట ఎత్తలేదు. గోపురానికి నిచ్చెన తిరిగి పెట్టి రావాలని లేచాడు. మెట్ల దగ్గర ఆగాడు. "ఇక్కడే ఉంచనా?" అన్నాడు.

"ఐసు పోయేదాకా ఉంచండి."

సోమవారం పాస్టర్లకు సెలవు. అయినా ఆ పొద్దున తెల్లవారుతుండగా రోడా చర్చి మడత కుర్చీ ఒకటి కారులో వేసుకుని పడవల రేవుకు వెళ్ళింది. పక్క ఊళ్ళ చేపలవాళ్ళ ట్రక్కులు ఐసు మీదికి దిగేది అక్కడే. కుర్చీ దారికి నడుమ వేసుకుని కూర్చుంది. కాళ్ళ దగ్గర గునపం, ఒళ్ళో ఫ్లాస్కు. దూరాన మంచు గోడ చెక్కుచెదరకుండా తెల్లగా ఉంది.

మొదటి ట్రక్కు వచ్చి ఆగింది. లోపల ఇద్దరు. కిటికీ దిగింది.

"ఏమ్మా, టోల్ గేటు పెట్టారా?"

"ఆ గోడ దగ్గర ఐసు బెత్తెడే ఉంది. ఈ ఒడ్డున ఐసు కూడా ట్రక్కును మోయదు. నడిచి పోండి, పాత రేవు నుంచి పాతిన కొమ్మల వెంట."

"ఎవరన్నారు?"

"నేనే. ఈ ఊరి మెథడిస్టు పాస్టర్ని."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. "పాస్టర్లకి ఐసు సంగతి ఏం తెలుస్తుందమ్మా?"

ఇరవై ఏడేళ్ళ మాట ఆమె చెప్పలేదు. లేచి, కుర్చీ అలాగే దారిలో వదిలి, గునపం అందుకుంది.

"బండి ఇక్కడ పెట్టి దిగండి," అంది. "చూపిస్తాను."

వాళ్ళు ఈసారి నవ్వకుండా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇంజను ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. రోడా ఐసు అంచున నిలబడి మడమతో రెండుసార్లు కొట్టింది. వింది. వాళ్ళకు ముందు నడిచింది.